రెండో తాళం కోసం రాయగడకు

సునాబెడ, గురువారం

సునాబెడ నుంచి రాయగడ వెళ్లాలనుకునేవాళ్లు కోరాపుట్‌లో రైలెక్కి కూర్చుంటే చాలు, కొండల్లోంచి తిన్నగా తీసుకెళ్లి దింపుతుంది. బస్సు కన్నా చవక. మేం అలా వెళ్లలేదు. మధ్యలో లక్ష్మీపూర్‌లో పనుండి బస్సెక్కాం, డబ్బు ఎక్కువైంది. వెళ్తే మాత్రం కార్తీకంలో వెళ్లండి. కొండవాలు మీద వలిసె పూలు పసుపు ఆరబోసినట్టుంటాయి. నేనూ చూశాను గాని చూసినట్టు లేదు. ఎందుకో చెబుతాను.

మా ఆయన ఉద్యోగం చేసింది ఇక్కడి ఇంజన్ల ఫ్యాక్టరీలో. ఇప్పుడు కొడుకుదీ అక్కడే. మా క్వార్టర్ల లైనుకి రాత్రి కాపలాకి ఒక గూర్ఖా ఉండేవాడు. ఇంటికింత వేసుకుని జీతం ఇచ్చేవాళ్లం. నాలుగేళ్ల కిందట నా కోడలు సుధ, ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం చేసే పిల్ల, అలాంటి కాపలా ఇంకొకటుందని చెప్పింది. నోటూ నాణెమూ లేని డబ్బొకటి ఉందట. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారన్న చిట్టా బ్యాంకులో ఉండదు, దేశదేశాల కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది. ఆ కంప్యూటర్లే దానికి కాపలా. కాపలాకి కుదరాలంటే ముందు పెద్ద డిపాజిట్ కట్టాలి. సరిగా కాస్తే నెలనెలా కూలి వస్తుంది. దొంగ లెక్కకి సంతకం పెడితే డిపాజిట్ కోసేస్తారు. అంత డిపాజిట్ ఒక్క ఇంటి వల్ల కాదు.

“గూర్ఖాకి ఏసుకున్నట్టు తలా ఇంత ఏసుకుందాం” అన్నది నేనే. పదహారు వాటాలు పోగయ్యాయి. నాకు ఐదో క్లాసు దాకానే చదువు, ఆడవాళ్లెవరికీ ఆ కంప్యూటర్ సంగతి తెలియదు. అందరూ నా మాట మీద వేశారు. పోతే వాళ్లు నిలబడేది నా గుమ్మంలోనే.

అందుకే కట్టుబాట్లు కూడా నేనే పెట్టాను. డిపాజిట్ కదపాలన్నా, కాపలా కంప్యూటర్ మార్చాలన్నా మూడు తాళాల్లో రెండు పడాలి. తాళమంటే వేలెడంత ముక్క, చిన్న అద్దం, రెండు మీటలు. ఒకటి నా దగ్గర, ఒకటి సావిత్రమ్మ దగ్గర, ఒకటి రవణమ్మ దగ్గర. ఫోన్లో చెప్పుకుని నొక్కకూడదు, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని నొక్కాలి. ఒకరి తాళం ఇంకొకరు ముట్టకూడదు, అరనిమిషమైనా సరే. కంప్యూటర్ నడిపే సుధ ఏ తాళాన్నీ ముట్టకూడదు. తరవాత ఆ ఇద్దరి మొగుళ్లూ రిటైరై ఊళ్లు మారారు. సావిత్రమ్మది లక్ష్మీపూర్, రవణమ్మది రాయగడ.

గురువారం పొద్దున నేను దిబ్బరొట్టె వేస్తుంటే సుధ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. మొహం పాలిపోయింది.

“అత్తా, తప్పయిపోయింది నా వల్ల.”

“ఏటైంది? ముందది సెప్పు.”

కాపలా కంప్యూటర్‌కి ఏదో మరమ్మతు రావాలి. అసలు చోటనుకుని దొంగ చోటు నుంచి తెచ్చి ఎక్కించింది. లెక్కల మీద మా కంప్యూటర్ పెట్టే సంతకం ఎవడో ఎత్తుకుపోయాడు. ఉత్తరం కూడా పెట్టాడు. శనివారం పన్నెండు గంటలకల్లా డిపాజిట్‌లో సగం పంపాలి, లేకపోతే మా పేరు మీద దొంగ లెక్కకి సంతకం పెడతాడు, మొత్తం పోతుంది.

“మన కంప్యూటర్ ఆపీలేవేటి?”

“ఆపేసేను అత్తా. వాడి దగ్గర నకలుంది.”

“సగం ఇచ్చేస్తే ఒగ్గేస్తాడా?”

“ఒగ్గడు. మిగతా సగం అడుగుతాడు.”

“మరేటి దారి?”

“రెండు తాళాలు పడితే కొత్త సంతకం పెట్టొచ్చు. అప్పుడు వాడి దగ్గరున్నది చెల్లదు. కానీ పడ్డాక అరగంట పడుతుంది. శనివారం పదకొండున్నర దాటకూడదు. తప్పు నాదే అత్తా, మీరు నన్ను...”

“తప్పు తరవాత మాట్లాడుకుందాం. సీర మార్సుకో.”

రవణమ్మకి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. లక్ష్మీపూర్ దగ్గర కదా, సావిత్రమ్మతో పని అయిపోతుందనుకున్నాను. దేవుడి గదిలో లక్ష్మీదేవి పటం వెనక నుంచి నా తాళం తీసి బొడ్డుసంచిలో వేసి రెండు ముళ్లు వేశాను. దిబ్బరొట్టె నాలుగు ముక్కలు చేసి మూట కట్టాను.

కోరాపుట్ బస్టాండు

కోరాపుట్‌లో బస్సు కోసం గంట కూర్చున్నాం. ఇడ్లీకి చట్నీ కావాలంటే ముందే చెప్పుకోవాలి. లేకపోతే ఇడ్లీ మీద శనగల కూర, ఘుగుని అంటారు, గరిటెడు పోసేస్తారు. విజయనగరంలో అలా పోస్తే గొడవైపోతుంది. ఇక్కడ అదే రుచి అంటారు. నాలుగిడ్లీ ముప్పై రూపాయలు. మా మూట ఉంది కనక కొనలేదు.

బుట్ట ముందు పెట్టుకుని ఒకామె మండియా పేజు అమ్ముతోంది. మన చోడి అంబలే, కాస్త పులిసి ఉంటుంది. “మావుసీ, దొశొ టంకా” అంది. పది రూపాయలకి లోటాడు పోసింది. మనూళ్లో పది రూపాయలకి టీ నీళ్లే. సుధ తాగనంది.

“డబ్బులిచ్చేసేను. తాగు.”

“దిగట్లేదత్తా.”

“ఆకలితో ఉంటే బుర్ర పనిసేయదు. నీ బుర్రే కావాలి ఇయ్యాల. తాగు.”

కళ్లమ్మట నీళ్లు కారుతుంటే తాగింది. పేజు అమ్మే ఆమె నన్ను చూసి తల ఊపింది. కోడల్ని ఏడిపించే అత్తననుకుందేమో. అనుకోనీ.

బస్సులో నా పక్కన కూర్చున్న ఆయన ఎక్కడికి, ఎందుకు, ఎన్నాళ్లు అని అడుగుతూనే ఉన్నాడు. చుట్టాలింటికి అన్నాను. ఆయన చెయ్యి కదిలినప్పుడల్లా నా చెయ్యి బొడ్డుసంచి మీదకి పోయింది. ఘాట్ రోడ్డులో నాలుగు మలుపులు తిరిగేసరికి ఆయనే వాంతి చేసుకుని నిమ్మకాయ అడిగాడు. నా దగ్గరుంది, ఇచ్చాను.

లక్ష్మీపూర్

సావిత్రమ్మ ఇల్లు బజారు వెనక. కార్తీకం కదా, పక్కిళ్ల ఒడియా ఆడవాళ్లు తులసికోట చుట్టూ రంగుపొడులతో ముగ్గు వేశారు. మురుజ అంటారు. మన ముగ్గు చీమలు తిని పోతాయి. దీన్ని తొక్కితే పాపమట, పిల్లలు చుట్టూ తిరిగి వెళ్తున్నారు.

సావిత్రమ్మ నన్ను చూసి సంతోషపడి, సంగతి విని కూలబడింది. “అయ్యో వదినా, నా తాళం బంగారంలాగుంది, ఉండు” అని బీరువా తీసి గుడ్డమూట తెచ్చింది. గుడ్డ విప్పగానే వాసన వచ్చింది. మెషిన్ ఆయిల్ వాసన. తాళం మొత్తం జిడ్డుగా మెరిసిపోతోంది.

“ఇదేటే సావిత్రీ?”

సావిత్రమ్మ మొగుడు అప్పలస్వామి అన్నయ్య గర్వంగా ముందుకొచ్చాడు. ముప్పై ఐదేళ్లు ఫిట్టరు పని చేసిన మనిషి. “నెలకో సుక్క ఏస్తన్నానమ్మా. ఈ కొండ సెమ్మకి ఇనుము ఊరికే తుప్పట్టేస్తాది. మొన్న వానల్లో మీటలు బిగుసుకుంటే గ్రీజు కూడా ఎక్కించేను.”

సుధ దాన్ని ముట్టకూడదు కాబట్టి వైరు మాత్రం ఇచ్చింది. సావిత్రమ్మ గుచ్చింది. అద్దం వెలగలేదు. తీసి తుడిచి మళ్లీ గుచ్చింది. సందుల్లోంచి ఆయిల్ చుక్క కారి టేబుల్ మీద పడింది.

“ఇంజనుకేసినట్టు ఏసేసేవా అన్నయ్యా” అన్నాను.

“ఇంజనైతే ఇప్పుడు పరిగెట్టేదమ్మా” అన్నాడు. అన్నాక ఆయనకే అర్థమైంది. బయట అరుగు మీదకి వెళ్లి కూర్చున్నాడు, అన్నానికి పిలిచినా రాలేదు. సావిత్రమ్మ ఆయన్ని తిట్టబోయింది. నేను వద్దన్నాను. పాడు చేయాలని వేసింది కాదు, పాడవకూడదని వేసింది. తాళం పాడైతే ఇంకొకటి చేసుకోవడానికి రాసిపెట్టుకున్న మారు కాగితం విశాఖపట్నంలో వాళ్ల కూతురి బ్యాంకు లాకర్లో ఉంది. తెప్పించేసరికి గడువు దాటిపోతుంది.

ఇక మిగిలింది రవణమ్మే. ఆ రాత్రి సావిత్రమ్మ వెదురుకొమ్ముల కూర వండింది. కొత్తది దొరికే రోజులు కాదు, ఎండబెట్టి దాచింది. పులుపు దట్టంగా వేసింది.

రైల్లో

లక్ష్మీపూర్ స్టేషను ఊరికి ఎడంగా ఉంటుంది. ఆటోవాడు ఇద్దరికీ నూట యాభై అన్నాడు. బేరమాడి ఎనభైకి ఒప్పించాను, దానికి పావుగంట పట్టింది. సుధ గడియారం చూసుకుంటూ నిలబడింది. పోనీ ఆ పావుగంట నష్టమైందా అంటే, రైలే రెండున్నర గంటలు లేటు.

ఆ దారి సొరంగాల దారి. వెలుతురొస్తుంది, లోయ కనిపిస్తుంది, “అబ్బ” అనేలోగా చీకటి. ప్రతి సొరంగంలో పెట్టె మొత్తం పిల్లలు కేకలేస్తారు. పెద్దవాళ్లు కూడా వేస్తారు. లైట్లు వెలగలేదు. ఒక పొడుగాటి సొరంగంలో నా నడుం దగ్గర ఏదో లాగింది. చెయ్యి వేసి పట్టుకున్నాను. మళ్లీ లాగింది. “దొంగ! దొంగ!” అని అరిచాను. అందరూ కేకలేస్తున్నారు కదా, నాదీ అందులో కలిసిపోయింది. వెలుతురొచ్చాక చూస్తే నా చేతిలో కోడిపెట్ట మెడ. ఎదురు బెంచీ కింద బుట్టలోంచి తల బయటపెట్టి నా చీర కుచ్చిళ్లు పొడుస్తోంది.

బుట్ట తాలూకు ఆమె అల్లం బస్తాతో రాయగడ బజారుకి వెళ్తోంది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. చీరకి చిల్లు పడిందేమోనని వంగి చూసి, తప్పు తనదన్నట్టు గుప్పెడు అల్లం నా కొంగులో పోసింది. డబ్బివ్వబోతే “కోడి నీది కాదు, అల్లం నీది” అంది ఈ కొండల మాట దేశియాలో. బజారులో అంత అల్లం ముప్పై రూపాయలుంటుంది. ప్రయాణం మొత్తంలో సుధ నవ్వింది అప్పుడే. నవ్వి, వెంటనే నోరు మూసుకుంది.

“నవ్వితే పన్నెండు ముందరొచ్చేదు” అన్నాను.

రాయగడ, శుక్రవారం సాయంత్రం

దిగేసరికి దీపాల వేళ. రైల్వే కాలనీ దాటి వెనక వీధిలో రవణమ్మ వాళ్ల సొంతిల్లు. వీధంతా కార్తీక దీపాలు. తెలుగువాళ్ల గుమ్మాల్లో ప్రమిదలు, ఒడియా వాళ్లు వెదురుకి వేలాడదీసే ఆకాశదీపాలు. నంబరు చూసుకుంటూ వెళ్లాం. ఒక్క రవణమ్మ వాళ్ల ఇల్లే చీకటిగా ఉంది. నేను వీధి మధ్యలో ఆగిపోయాను.

“ఏమైందత్తా?” అంది సుధ.

“ఆ ఇంట్లో ఎవలో పోయేరు.”

రవణమ్మే తలుపు తీసింది. జుట్టు విరబోసుకుని ఉంది. నన్ను చూసి బావురుమంది. ఆమె మరిది, రైల్వేలో పనిచేసే శంకర్రావు, పట్టాల దగ్గర పనిలో ఉండగానే కుప్పకూలిపోయాడట. ఆరోజుకి ఆరో రోజు. అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఫోన్లు ఎత్తే మనిషి లేడు.

ఏడ్చి ఊరుకున్నాక సంగతి చెవిలో చెప్పాను. రవణమ్మ నా చెయ్యి పట్టుకుంది. “వదినా, నా తాళం దేవుడి గదిలో ఉంది. పీటం కింద ఇత్తడి పెట్టిలో.”

పదకొండో రోజు శుద్ధి అయ్యేదాకా ఆ ఇంటివాళ్లెవరూ ఆ గది గడప తొక్కకూడదు. ఇంకా అయిదు రోజులు. మనకేమో రేపు పన్నెండు.

లోపల్నించి గొంతు వినిపించింది. “ఎవులమ్మా అక్కడ?” రవణమ్మ అత్తగారు సూరమ్మ. ఎనభై దాటిన మనిషి. పోయినవాడు ఆమె చిన్న కొడుకు. కొడుకు పోయిన రోజున ఆ గది గడియ పెట్టింది ఆమె చేతులే.

“సుక్కురోరం దీపాలేళకొచ్చేరు. పలకరింపుకొచ్చేరా, పనికొచ్చేరా?”

పలకరింపుకే అని ఉంటే లోపలికి రానిచ్చేది. “పనికే వచ్చేం పెద్దమ్మా. కబురు తెలీదు మాకు. అబద్ధమెందుకు?”

“పనైతే రేపు రండి” అని అటు తిరిగి పడుకుంది.

స్టేషను ఎదుట లాడ్జిలో గది ఎనిమిది వందలన్నాడు. దుప్పట్లు వద్దు, టీవీ వద్దు, ఐదు వందలకి ఇవ్వమన్నాను. ఇచ్చాడు. ఫ్యాను తిరగలేదు, చలికాలం కనక నష్టం లేదు. సుధ మంచం అంచు మీద కూర్చుని, “లైనులో అందరికీ ఏం చెబుతాం అత్తా?” అంది.

“జరిగింది సెబుతాం.”

“నా పేరు చెబుతారా?”

“నా పేరు కూడా సెబుతాను. ఏసుకోమన్నది నేనే కదా.” తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చాను. బయట మంచు పడుతోంది.

రాయగడ, శనివారం

పొద్దున తొమ్మిదికి వెళ్లాం. మగవాళ్లు నాగావళి ఒడ్డుకి కర్మకి వెళ్లిపోయారు. అక్కడి పని అయ్యిందని కబురొచ్చేదాకా సూరమ్మ నోరు విప్పదు. కబురు పదీ ఇరవైకి వచ్చింది. ఆ తరవాత తలంటు. ఆ తరవాత పెరట్లో తడిజుట్టుతో కూర్చుని, “ఇప్పుడు సెప్పు” అంది. సుధ నా వెనక కూర్చుని గడియారం నాకు కనబడేలా పెట్టింది. పదీ ముప్పై ఎనిమిది.

గూర్ఖా దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారి అడ్డు వచ్చింది. “ఆ డబ్బు ఎవుడైనా సూసేడా కంటితో?”

“లేదు.”

“ఆ దొంగోడిని?”

“వాడినీ ఎవులూ సూడలేదు.”

“కంటికి కనపడని డబ్బు, కంటికి కనపడని దొంగ. కంటికి కనపడే నా కొడుకు పోయేడు. ఏడో రోజున నా దేవుడి తలుపు తీయమంటావు. సిగ్గులేదేటమ్మా నీకు?”

ఆమె స్థానంలో నేనుంటే అంతకన్నా గట్టిగా అనేదాన్ని. లేద్దామనుకున్నాను. మోకాళ్ల మీద చెయ్యి వేశాను కూడా.

పెరటి మూలన చాప మీద పార్వతి కూర్చుని ఉంది. పోయినవాడి భార్య. నలభై కూడా ఉండవు. నేను వచ్చినప్పటి నుంచి తల ఎత్తలేదు.

“అత్తా” అంది.

అందరం తిరిగాం.

“అందులో నాది కూడా ఉంది.”

“ఏటుంది?”

“రవణక్క పేరు మీద రెండు వాటాలున్నాయి కదా. ఒకటి నాది. జాకెట్లు కుట్టిన డబ్బులు. ఆయనకి సెప్పలేదు. సెబితే తాగీస్తాడని.” కాస్త ఆగి, “ఇంకేటీ లేదు అత్తా నా దగ్గర” అంది.

రవణమ్మవి రెండు వాటాలు ఎందుకో నేను నాలుగేళ్లుగా అడగలేదు. ఉన్నమనిషి అనుకున్నాను.

సూరమ్మ కోడలి వైపు చాలాసేపు చూసింది. సుధ వెనక నుంచి “పదకొండు అత్తా” అని గొణిగింది.

“నువ్వు బయటిదానివి” అంది సూరమ్మ నాతో. “నీకు మైల లేదు. ఎల్లి ఆ పెట్టి తెచ్చుకో.”

సుధ సగం లేచింది. నేను లేవలేదు.

“నేను తేలేను పెద్దమ్మా.”

“ఏటి?”

“నా తాళం నా బొడ్డులో ఉంది. రవణమ్మది కూడా నా సేతిలోకొస్తే నేనొక్కదాన్నే మొత్తం. అలా జరక్కూడదనే మూడు సేసేం.”

“నా కోడలు ఎదురుగానే ఉంది కదా!”

“ఉన్నా సరే. ఒకలి తాళం ఇంకొకలు ముట్టకూడదు.”

“అయితే ఆ గుంటని పంపు.”

“దానికి అసలే కూడదు. కంప్యూటర్ దాని సేతిలో ఉంది.”

సుధ అంతవరకు నా మాటకి ఎదురు చెప్పి ఎరగదు. “అత్తా! పదకొండూ మూడు. నియమం మీరే పెట్టేరు, మీరే తీసీండి! ఒక్క పెట్టి, పది అడుగులు!”

“ఇయ్యాల తొందరని నేను ముడితే, రేపు ఇంకోలు తొందరని ముడతారు. దొంగోడు ఉత్తరంలో అడిగేది ఏటి? తొందరే కదా.” సూరమ్మ వైపు తిరిగాను. “పక్కింటి నుంచి ఎవలినైనా పిలుద్దాం.”

“పరాయోలు నా దేవుడి గదిలోకా?” అంది సూరమ్మ. అని, నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో కోపం లేదు. కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

“అంటే మీకూ ఒక మైల ఉందన్నమాట.”

“ఉంది పెద్దమ్మా.”

“అది తప్పితే?”

“తప్పితే ఇంక కాపలా అన్న మాటకి అర్థం లేదు.”

ఆమె గోడ పట్టుకుని లేచింది. రవణమ్మ పట్టుకోబోతే విదిలించుకుంది. “నా దగ్గర ఏ తాళమూ లేదు. కంప్యూటరూ లేదు. ఏడు రోజుల కింద కొడుకుండేవోడు, ఆడూ లేడు. మైలంటే ఇంటోలకి ఏదో అవుతాదని బయం. అవ్వాల్సింది అయిపోయింది నాకు.” గది ముందు ఒక్క క్షణం ఆగింది. “మంచోడివైతే కోపం తెచ్చుకోకు” అని దేవుడితో అందో, కొడుకుతో అందో నాకు తెలియదు. గడియ తీసింది.

ఏడు రోజులుగా మూసిన గది. ఎండిన పూల వాసన బయటికి వచ్చింది. ఇత్తడి పెట్టె రెండు చేతులా పట్టుకుని వచ్చి రవణమ్మ ముందు పెట్టి, చేతులు దులుపుకుంది. రవణమ్మ మొలలో ఉన్న తాళంచెవితో పెట్టె తీసింది.

పదకొండూ తొమ్మిది. సుధ కంప్యూటర్ తెరిచి రెండు వైర్లు పెట్టింది. నేను నాది గుచ్చాను, నా రహస్యపు అంకెలు నొక్కాను. రవణమ్మది వెలిగింది. అంకెలు అడిగింది. ఆమె నొక్కింది. తప్పంది.

“ఏడ్చి ఏడ్చి బుర్ర పనిచేయట్లేదు వదినా.” మళ్లీ నొక్కింది. తప్పంది.

“మూడోసారి తప్పితే అంతా చెరిగిపోతుంది” అంది సుధ.

ఆ అంకెలు నేను అడగకూడదు, ఆమె చెప్పకూడదు. కాబట్టి ఇంకో మాట అడిగాను. “ఆ రోజు మా వరండాలో నువ్వు ఆ నంబరు పెట్టినప్పుడు ఏటి తింటన్నావు, గుర్తుందా?”

రవణమ్మ కళ్లు మూసుకుంది. “ఉప్మా. నువ్వు ఉప్పేయడం మర్చిపోయేవు.”

“ఎవలు పక్కనున్నారు?”

“సావిత్రి. దాని మొగుడు సైకిల్ దిగి...” ఆగింది. కళ్లు తెరిచింది. అటు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని నాలుగు అంకెలు నొక్కింది. అద్దం పచ్చగా వెలిగింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చివరి మీట నొక్కాం. పదకొండూ పద్దెనిమిది.

తరవాత అరగంట ఆ పెరట్లో తెరనే చూస్తూ కూర్చున్నాం. పార్వతి చాప మీద నుంచి లేచి వచ్చి సుధ పక్కన కూర్చుంది. పదకొండూ నలభై తొమ్మిదికి కొత్త సంతకం అమల్లోకి వచ్చింది. సుధ వేలితో చూపించింది. పన్నెండు దాటింది. పన్నెండూ నాలుగుకి తెర మీద ఎర్రగా ఒక వరస వచ్చింది.

“వాడే” అంది సుధ. “పాత సంతకం పెట్టడానికి చూశాడు. చెల్లదని తోసేసింది.”

“ఎవులు తోసేరు?” అంది సూరమ్మ.

“మిగతా కంప్యూటర్లన్నీ, మామ్మా.”

“మంచిది” అంది. వెళ్లి గది గడియ మళ్లీ పెట్టింది.

తిరుగు దారి

చావింటి నుంచి వెళ్లేటప్పుడు వెళ్లొస్తామని చెప్పకూడదు. ఒడియా వాళ్ల పద్ధతి ఏమిటో నాకు తెలియదు, మనది ఇంతే. మేం చెప్పులు వేసుకునేసరికి సూరమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది, మేం చెప్పకుండా వెళ్లడానికి వీలుగా. పార్వతి మాత్రం కిటికీ దగ్గర నిలబడి కనబడినంత దూరం చూసింది. లాడ్జిలో స్నానం చేసి, తలుపు తాళం ఇచ్చి, మూడింటి రైలెక్కాం. ఈసారి లక్ష్మీపూర్‌లో దిగలేదు. సొరంగాల్లో సుధ నిద్రపోయింది, నా భుజం మీద. అరుపులకి కూడా లేవలేదు.

ఆదివారం మా వరండాలో ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. సుధ తప్పు సుధే చెప్పుకుంది. ఇద్దరు తమ వాటా వెనక్కి తీసుకుంటామన్నారు, అది వాళ్ల హక్కు. మిగతావాళ్లు ఉన్నారు. రవణమ్మ పేరు మీదున్న రెండో వాటాని పార్వతి పేరుకి మార్చాం. అప్పలస్వామి అన్నయ్య కొత్త తాళం తన ఖర్చుతో కొనిస్తానని కబురు పంపాడు. ఆయిల్ డబ్బా తాళం ఉన్న గదిలో ఉండకూడదని నేను తిరుగు కబురు పంపాను.

రైల్లో ఆమె ఇచ్చిన అల్లం ఇంకా సగం ఉంది. మిగతాది పచ్చడి పెట్టాను.

ఆ రాత్రి బొడ్డుసంచిలోంచి నా తాళం తీసి, అలవాటుగా దేవుడి గదిలోకి వెళ్లాను. పటం వెనక పెట్టబోయి ఆగాను. నాకు అరవై ఎనిమిది. ఏదో ఒక రోజు నా ఇంట్లోనూ ఆ గది గడియ పెడతారు. పెట్టాలి కూడా. ఆ పదకొండు రోజుల్లో తాళం కావలసి వస్తే, గుమ్మం ముందు నిలబడి సూరమ్మ లాంటి మనిషి కోసం వెతుక్కోవాలి. అలాంటి మనిషి ఇంటింటికీ ఉండదు.

దేవుడికి దండం పెట్టుకుని, తాళంతో బయటికి వచ్చేశాను. ఎక్కడ పెట్టానో రాయను. దీపం పెట్టని చోట పెట్టాను.